వరద తగ్గాక చేప సంగతి

వరద వచ్చినప్పుడు పేపరువాళ్ళు అన్నీ రాస్తారు. ఎన్ని లక్షల క్యూసెక్కులు, ఎన్ని గేట్లు, ఎన్ని ఎకరాల మిరప, ఎన్ని ఇళ్ళు, ఎన్ని గొడ్లు... ఆఖరికి ఏ మంత్రిగారు హెలికాప్టరులో ఏ ఊరిమీద ఎంతసేపు తిరిగారో కూడా రాస్తారు. చేపల సంగతి మాత్రం ఒక్కరూ రాయరు. అడిగితే, "చేపకేమిటండీ, నీళ్ళల్లోదేగా! దానికి వానజల్లయినా ఒకటే, వరదయినా ఒకటే" అంటారు. చేపపిల్లకు ఈత నేర్పాలా అని సామెత ఒకటి సిద్ధంగా ఉంది కనుక ఇంక మనం మాట్లాడేందుకు ఉండదు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. పల్నాటి యుద్ధం గురించి అడగండి, బ్రహ్మనాయుడి చాపకూడు దగ్గర్నుంచి కోడిపందెం దాకా గుక్కతిప్పుకోకుండా చెబుతాను. కానీ ఆ యుద్ధం జరిగిన కారెంపూడి పక్కనే పారే నాగులేటికి కూడా ఒక చరిత్ర ఉంటుందనీ, ఆ నీళ్ళలో బతికే ప్రాణికి ఇంకో చరిత్ర ఉంటుందనీ ఏ పాఠంలోనూ లేదు. నవలకోసం ఏటిగట్టు ఊళ్ళు తిరిగినప్పుడు, పుట్టివేసేవాళ్ళూ చేపలమ్మే ఆడవాళ్ళూ చెబితేనే ఆ చరిత్ర కొంత చెవిన పడింది. మిగతాది పుస్తకాల్లో వెదుక్కున్నాను.

మొదట ఒక తెల్లదొర కథ చెప్పాలి. ఫ్రాన్సిస్ డే అని మద్రాసు సైన్యంలో డాక్టరు. రోగులకన్నా చేపల మీద మక్కువ ఎక్కువ. తమ దేశపు చల్లటి ఏళ్ళలో ఉండే ట్రౌట్ చేపను ఊటీ కొండల్లో పెంచాలని 1860లలో ప్రయత్నించాడు. ఓడలో గుడ్లు తెప్పించడమంటే మాటలా? దారిలో మంచు కరిగితే గుడ్డు పోతుంది. ఆయన ప్రయత్నం నెగ్గలేదు గానీ, తరవాత్తరవాత ఇతరులు నెగ్గించారు. నీలగిరుల్లోనూ కాశ్మీరులోనూ ట్రౌట్ ఈనాటికీ ఉంది.

ఈ ట్రౌట్‌కు వరదంటే మృత్యువు. అది చలి మొదలయ్యే రోజుల్లో ఏటి అడుగున గులకరాళ్ళు తోకతో తవ్వి, ఆ సందుల్లో గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళు కప్పుతుంది. గుడ్డు నెలలకొద్దీ అలా రాళ్ళకింద ఉండాలి. ఈలోగా పెద్ద వరదొచ్చి రాళ్ళు దొర్లాయా, ఆ ఏటి సంతానం పోయినట్టే. రాళ్ళు దొర్లకపోయినా, మెత్తటి బురద పేరుకుని సందులు పూడితే గుడ్డుకు ఊపిరాడదు. ముదురు చేప ఏ బండచాటునో, ఏ చెట్టువేరు కిందో దాక్కుని బతికిపోతుంది. పసిది బతకదు. అందుకే ఆ దేశాల్లో వరద తగ్గగానే గేలాలవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఈ ఏటి పిల్లలు మిగిలాయా అని.

మన చేప అట్లా కాదు. మన చేపకు వరదే మంత్రసాని.

శ్రీనాథుడి పేరుమీద తిరిగే చాటువుల్లో పల్నాడు తిండినీ, నీటినీ, రాళ్ళనూ ఎంత ఎత్తిపొడిచారో మీకు తెలుసు. నిజమే, వేసవిలో నాగులేరూ చంద్రవంకా చూస్తే కవిగారి మీద కోపం రాదు. నాపరాళ్ళ మధ్య మడుగులు, మడుగుల్లో పాచి, పాచిలో ఇన్ని పరిగెలు. వానాకాలం మొదలై కొత్తనీరు వచ్చిందంటే ఆ ఏరే వేరు. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక దూకే దూకుడు చూసినవాళ్ళకు ఇది వేసవిలో చూసిన ఏరేనా అనిపిస్తుంది. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, మట్టివాసనతో వస్తాయి. ఆ ఎర్రనీటి వాసన తగలగానే కృష్ణలో ఉన్న తల్లిచేపలు కదులుతాయి. బొచ్చె, శీలావతి, మోసు, వాలుగ... అన్నీ ప్రవాహానికి ఎదురెక్కి, పల్లపు చేలమీదా గడ్డిబీళ్ళమీదా నీరు పరుచుకున్నచోట గుడ్లు వదులుతాయి. ఒక్క పెద్ద శీలావతి కడుపులో లక్షల గుడ్లుంటాయి. మనం జన వేపుడు చేసుకు తిన్నప్పుడు ఒక్క ముద్దలో ఎన్ని ఊళ్ళ జనాభా మింగుతున్నామో లెక్క కట్టలేం!

ఆ గుడ్లు ట్రౌట్ గుడ్లలా రాతికింద నెలలు కూర్చోవు. నీటితోపాటు తేలుతూ పోతాయి, రోజు తిరిగేసరికి పిల్ల అవుతుంది. కొత్తగా మునిగిన నేలలో కుళ్ళే ఆకూ అలమూ సన్నపురుగులను పుట్టిస్తాయి, అవి పిల్లచేపలకు ఉగ్గుపాలు. నెల తిరక్కుండా వేలెడంత అయి, వరద తీస్తున్నప్పుడు నీటివెంట ఏట్లోకి దిగుతాయి. కొన్ని మడుగుల్లో చిక్కుకుని ఎండిపోతాయి, కొన్ని కొంగలకు పోతాయి. అయినా లక్షలో వందలు మిగిలినా చాలు, ఏరు నిండుతుంది. కొరమీను పద్ధతి మాత్రం వేరు. అది నిదానపు నీళ్ళలో, గడ్డి మధ్య గూడు కట్టుకుని, ఎర్రటి పిల్లలను తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. దానికి వరద ఉరవడి పడదు, సంసారం చెదిరిపోతుంది. చేపలన్నిటికీ ఒకే న్యాయం లేదన్నమాట, మనలాగే.

ఈ సంగతిని 1989లో జుంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి, అమెజాన్ వంటి మహానదులను చూసి ఒక సిద్ధాంతంగా రాశాడు. ఏటికి ప్రాణం గట్టుల మధ్య పారే నీటిలో మాత్రమే లేదు, ఏటేటా గట్టు దాటి నేలను తడిపి వెనక్కి వచ్చే ఆ పొంగులో ఉందని దాని సారాంశం. కృష్ణ ఒడ్డు బెస్తలకూ, వాగుల్లో మాటువేసే యానాదులకూ ఇది కొత్త సంగతేమీ కాదు. చెరువు అలుగు పారితే చేప ఎదురెక్కుతుందని పల్నాడులో బడికి పోయే పిల్లాడికీ తెలుసు. చొక్కా విప్పి వలగా పట్టుకుని అలుగు దగ్గర నిలబడేది వాడేగా!

అయితే మరి వరద వస్తే చేపకు పండగేనా? ఒకప్పుడు పండగే. తరవాత కథ అడ్డం తిరిగింది.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడింది. డెల్టాకు అన్నం పెట్టింది, కాదనలేం. కానీ సముద్రంలోంచి ఏట్లోకి ఎదురెక్కి గుడ్లు పెట్టే పొలస ఒకటుంది. గోదావరివాళ్ళు పుస్తెలమ్మయినా తినాలనే పులస ఇదే. అది కృష్ణలోకీ ఎక్కేది, దాని దారికి గోడ అడ్డం వచ్చింది. ట్రౌట్ తెద్దామని తంటాలుపడిన ఫ్రాన్సిస్ డే దొరే, చేపల శాఖ పెద్ద అధికారిగా దేశమంతా తిరిగి, 1873లో ఒక నివేదిక అచ్చు వేయించాడు. ఆనకట్టలు చేపల దారి మూసేస్తున్నాయనీ, సన్నకంతల వలలతో పిల్లచేపలను ఊడ్చేస్తున్నారనీ మొరపెట్టాడు. 1897లో చేపల చట్టం వచ్చింది. నీటిలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం నేరమని అందులో రాశారు. చట్టం వచ్చింది గానీ గోడలో దారి మాత్రం రాలేదు.

1952లో ఆ పాత ఆనకట్ట వరదకు తెగింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బారేజీ 1957లో పూర్తయింది. ఈలోగా 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూగారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. ఇక్ష్వాకుల విజయపురి మునిగింది. ఏటి ఒడ్డున వాళ్ళు కట్టుకున్న స్నానఘట్టం మెట్లను కొండమీదికి తరలించి దాచుకున్నాం. శిల్పాలను లాంచీల మీద వెళ్ళి చూస్తున్నాం. కానీ ఆ మెట్లకింద వేల ఏళ్ళుగా ఎదురెక్కిన చేపలదారి ఏ మ్యూజియంలోనూ లేదు.

చరిత్రలో ఒక్కోసారి తమాషా జరుగుతుంది. ప్రకాశం బారేజీ పూర్తయిన ఆ 1957లోనే, జులై 10న, ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త తన పైఅధికారి అలికున్హితో కలిసి, చేప మెదడుకింది గ్రంథి రసాన్ని తల్లిచేపకు సూదిమందుగా ఎక్కించి, వరద లేకుండానే తొట్టెలో గుడ్లు పెట్టించాడు. ఆ రోజునే ఇప్పుడు దేశమంతా చేపరైతుల దినంగా జరుపుతున్నారు. ఏటి తలుపు మూసిన ఏడే తొట్టె కిటికీ తెరిచారన్నమాట. ఈ రోజు మీ బజార్లో దొరికే బొచ్చెకూ శీలావతికీ చాలావరకు వరద మొహమే తెలియదు.

సాగరు నిండాక ఏరు పోయి చెరువు వచ్చింది, దాదాపు 285 చదరపు కిలోమీటర్ల చెరువు! ప్రభుత్వం పిల్లచేపలను వదిలేది, సొసైటీలవాళ్ళు పట్టుకునేవాళ్ళు. స్థానికులకు తోడు విశాఖ, తూర్పుగోదావరి తీరాలనుంచి వలసవచ్చిన కుటుంబాలు కూడా నీటి అంచున గుడిసెలు వేసుకున్నాయి. రాత్రి వల, తెల్లవారకముందే పుట్టి, సూర్యుడు పొడిచేసరికి ఐసుపెట్టె. ఆడవాళ్ళకు తట్టతో ఊళ్ళు తిరగడం. ఈ బతుక్కు వరదతో చుట్టరికం మారిపోయింది. ఇంతకుముందు వరద పైనుంచి మెల్లగా వచ్చి నెమ్మదిగా తీసేది. ఇప్పుడు గేటునుంచి వస్తుంది. సైరను మోగితే వస్తుంది, గేటు దించితే ఆగుతుంది.

ఇక 2009 సంగతి. ఆ ఏడు వానాకాలమంతా మొహం చాటేసింది. సెప్టెంబరు ఆఖరున కురిసిన వానకు కృష్ణా తుంగభద్రా కలిసి విరుచుకుపడ్డాయి. అక్టోబరు 2న కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు వచ్చింది. 885 అడుగుల దగ్గర ఆగవలసిన నీళ్ళు 896 దాటాయి. మధ్యలో శ్రీశైలమూ సాగరూ మింగగలిగినంత మింగాక కూడా, ప్రకాశం బారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు పోయాయి.

ఆ వరద పోయిన కొన్నాళ్ళకు పొందుగల వైపు వెళ్ళినప్పుడు, రోడ్డువార తట్ట ముందు పెట్టుక్కూర్చున్న ఒక పెద్దావిడను అడిగాను. "పెద్దమ్మా, వరదకు చేపలు బాగా పడ్డాయా?" అని.

ఆవిడ నన్ను పైనించి కిందికి చూసి, "వరద పోయినాక మొదటి వారం చేపలే మమ్మల్ని ఎతుక్కుంటా వస్తయ్యమ్మా. ఆ తర్వాత మేమే వాటిని ఎతుక్కుంటా పోవాల" అంది.

"అంటే?"

"గేట్లెత్తితే పైన చెరువులో చేప కిందికి దూకుద్ది గదా. సగం దెబ్బకే పోద్ది. మిగిలింది గుంటల్లో పడుద్ది. నాలుగు రోజులు అందరూ వలలోళ్ళే. ఆటికి రేటుండదు. కొనేవోళ్ళు కూడా బయపడతారు, వరదలో ఏమేం కొట్టుకొచ్చినయ్యో తిన్న చేప అని. మా ఇంటాయన వల పోయింది, పుట్టి పోయింది. ఇంక చేప ఉంటే మాత్రం దేంతో పట్టేది?"

చేప దూకడమంటే ఆట కాదు. అన్ని అడుగుల ఎత్తునుంచి నీటితోపాటు కాంక్రీటు మీద పడటం. బతికిన చేప కిందనే ఆగిపోతుంది, మళ్ళీ పైకి ఎక్కేందుకు దారి లేదు. పైన జలాశయంలో పెంచిన సంపద కిందివాళ్ళ నాలుగురోజుల వేడుకవుతుంది. కింద మడుగుల్లో మిగిలినది నీరు తీయగానే ఊపిరాడక పోతుంది.

ఇంకో చిక్కుంది. ఆ వరద అక్టోబరులో వచ్చింది. మన తల్లిచేపలు గుడ్లుపెట్టే ముహూర్తం జులై, ఆగస్టు. కొత్తనీరు రాక, కడుపులో గుడ్డు కడుపులోనే ఇంకిపోయాక వచ్చిన వరద అది. పెళ్ళివారు తరలిపోయాక మోగిన సన్నాయిలా. శతాబ్దానికోసారి వచ్చే అంత నీరు వచ్చి కూడా పురుడు పోసింది తక్కువ, ఊడ్చుకుపోయింది ఎక్కువ. అందుకే వరద ఎంత పెద్దదని ఒక్కటే అడిగితే చాలదు, ఏ నెలలో వచ్చిందని కూడా అడగాలి. ఎర్రనీరు కూడా మునుపటిలా రావడం లేదు. మట్టి పైన జలాశయాల్లోనే దిగిపోతుంది, కిందికి తేటనీరు వస్తుంది. చేపకు అది శుభలేఖ లేని పిలుపు.

ఆ ముందు 2001 నుంచి 2004 దాకా కరువేళ్ళలో కృష్ణ సముద్రం మొహం చూసింది దాదాపు లేనే లేదు. నాలుగేళ్ళు ఎండు, ఒకరోజు మహాప్రళయం. ఏటి ఈతకూ లంకమేతకూ సరి అన్నట్టు, వచ్చిన లాభమంతా పడిన పాట్లకే చెల్లు.

తరవాత పులిచింతల వచ్చింది, 2013లో. కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఆ నీళ్ళకిందికే వెళ్ళింది. 45 టీఎంసీల పైన నీళ్ళు పట్టే ఆ జలాశయానికి 2021 ఆగస్టు 5న పదహారో గేటు కొట్టుకుపోయింది. మరమ్మతు చేయాలంటే నీళ్ళు దించాలి. నిండుగా ఉన్న జలాశయాన్ని కొద్దిరోజుల్లో దించేశారు. వానలేని వరద అది! కిందివాళ్ళను ముందే హెచ్చరించారు, మనుషులను కాపాడారు, అది మెచ్చుకోవలసిందే. కానీ ఆగస్టంటే ఏమిటో ఇంతసేపూ చెప్పుకున్నాం. ఒడ్డు అంచు గడ్డిలో ఉన్న గుడ్డూ పసిపిల్లా, నీరు హఠాత్తుగా వెనక్కి పోతే బురదమీద మిగిలిపోతాయి.

వరద తీసుకుపోవడమే కాదు, పిలవని చుట్టాలను తెచ్చి దించుతుంది కూడా. 2018లో కేరళలో మహావరద వచ్చినప్పుడు, ఎవరెవరి చెరువుల్లోనో పెంచుకుంటున్న అరపైమా, ఎలిగేటర్ గార్ అనే అమెరికా ఖండాల చేపలు గట్లు తెగి ఏట్లోకి వచ్చాయి. చాలకుడి ఏట్లో వలవేసినవాళ్ళు మనిషంత చేపను చూసి హడలిపోయారు. మనకూ ఆ ప్రమాదం లేదనలేం. ప్రభుత్వం ఏనాడో నిషేధించినా ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచే చెరువులు పోలీసులకు పట్టుబడుతూనే ఉన్నాయి. గట్టు తెగితే అది వాగులోకి, వాగులోంచి కృష్ణలోకి. పైగా దాని ఆకలి అంతాయింతా కాదు. టిలాపియా సరేసరి, ఎప్పుడో వచ్చి తిష్ఠవేసింది.

2024 సెప్టెంబరు మొదట్లో మళ్ళీ వరద. ప్రకాశం బారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 లెక్కను కూడా దాటింది. ఈసారి ముహూర్తానికి కాస్త దగ్గరగా వచ్చింది. పల్నాటి వాగులూ పొంగాయి, చెరువులు అలుగులు పారాయి, చేప ఎదురెక్కింది. ఎక్కినదాన్ని ఎక్కినట్టే పట్టేశాం! తల్లిచేప కడుపులో జనతోసహా తట్టలోకి వస్తే, వచ్చే ఏటి చేప ఎక్కణ్ణుంచి వస్తుంది? మంత్రసాని గుమ్మంలోకి రాగానే బాలింతను తరిమేసినట్టు.

వరద సాయం లెక్కల్లో పడవకు పద్దు ఉంది, వలకు పద్దు ఉంది, చెరువులో పెంచే చేపపిల్లకూ ఉంది. కాగితాలుంటే అవి ఎంతోకొంత అందుతాయి. ఏట్లో పోయిన చేపకు పద్దు లేదు, ఎందుకంటే అది ఎవరిదీ కాదు. తట్ట కొట్టుకుపోయిన పెద్దావిడకూ పద్దు లేదు, ఎందుకంటే ఆవిడ వల వేయదు, అమ్ముతుంది. ఏటిని నమ్ముకున్న ఇంట్లో సగం సంపాదన తట్టదే అయినా, దాన్ని కాగితం మీద చూపించే ఫారం ఎవరూ అచ్చు వేయలేదు.

వరదను ఆపమని నేననను. ఆపితే చేపకే నష్టమని ఇంతసేపూ చెప్పాను. గేట్లెత్తే ఇంజనీరుగారి పక్కన, ఇది ఏ నెల అని గుర్తుచేసే చేపలశాఖ మనిషి ఒకడుంటే బాగుంటుంది. నీరు దించేటప్పుడు, మనుషులకు అపాయం లేనంతవరకు, కాస్త మెల్లగా దించితే పసిపిల్లలకు ఏరు చేరే వ్యవధి దొరుకుతుంది. మడుగుల్లో చిక్కుకున్నవాటిని పట్టి తినేసే బదులు కొన్నిటినైనా ఏట్లో వదలడానికి ఊరి పిల్లలు చాలు. అలుగు దగ్గర చొక్కాతో నిలబడే పిల్లాడికి, కడుపుతో ఉన్న చేపను ఎలా గుర్తుపట్టాలో బళ్ళో ఒక్క పూట నేర్పితే, వాడు ఇంటికి తెచ్చే చేపలు ఆ ఏడు రెండు తగ్గవచ్చు. వాడి కొడుకు నిలబడే నాటికి అలుగు దగ్గర చేప ఉంటుంది.